వేపమండ కట్టిన గది

డైరెక్టరు గదిలో బల్ల మీద నీలం రంగు జిప్పు సంచి ఒకటుంది. దాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, మూతికి టేపు వేసి, పక్కనే చేతి తొడుగులతో కూర్చున్నాడు అనిల్‌కుమార్.

"లోపల ఏముంది?" అని అడిగాడు సోమేశ్వర్.

"టిఫిన్ డబ్బా."

"డబ్బాలో?"

"జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర. అన్నీ పులిసిపోయినయి."

"మరి ఆ తొడుగులు వేలిముద్రలకా, వాసనకా?"

అనిల్‌కుమార్ నవ్వలేదు. హైదరాబాదు నుంచి ఆస్పత్రి యాజమాన్యం పిలిపించుకున్న డిటెక్టివ్ అతను. సోమేశ్వర్‌దీ అదే పని, వికారాబాద్ స్టేషన్ ఎదురుగా ఒంటి గది ఆఫీసు. అతన్ని పంపింది వికారాబాద్‌లో బట్టల కొట్టు నడిపే పద్మమ్మ. ఆమె కూతురు డాక్టర్ భవ్యశ్రీ తాండూరులోని ఈ నవజ్యోత్స్న ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఆ పిల్ల కనిపించడం లేదు. ఇవాళ గురువారం.

"జరిగింది సాఫ్‌సీదా ఉంది," అన్నాడు డైరెక్టరు చంద్రశేఖర్. "మర్నాటి ఆపరేషన్ల కోసం మత్తు ఇంజక్షన్లు, పది ఆంపుల్స్, మంగళవారం ఆమెనే ఫార్మసీల తీసుకున్నది. వార్డు కప్‌బోర్డుల పెట్టి తాళం వెయ్యాలె. బుధవారం పొద్దున తాళం తీస్తే ఇంజక్షన్లు లేవు, గీ టిఫిన్ సంచి ఉంది. పిల్ల లేదు. ఫోను బంద్."

"పోలీసులకు చెప్పిండ్రా?"

"ఐదు గంటల దాకా చూస్త. రాకపోతే కేసు పెడుత. మెడికల్ కౌన్సిల్‌కు కూడ రాస్త. మళ్ళ ఆమె ఎక్కడా స్టెతస్కోపు పట్టది."

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

"అంతకుముందు ఆమె ఎన్నాళ్ళ నుంచి ఏకబిగిన డ్యూటీలో ఉంది?"

చంద్రశేఖర్ ఫ్యాను వంక చూశాడు. "ఇద్దరు మానేసిండ్రు. ఉన్నోళ్ళు జర సర్దుకోవాలె గదా. మా కాలంల మేము మూడు రోజులు కన్ను మూయకుండ చేసినం."

"మూడో రోజు మీ చేత చూపించుకున్న పేషంట్లను ఎవరన్న అడిగిండ్రా సార్, ఎట్ల చూసిండ్రని?"

అనిల్‌కుమార్ కుర్చీ జరిపాడు. "సోమేశ్వర్ గారూ, ఇది కవిత్వం కాదు, కేసు. ఆ ఇంజక్షన్లకు బయట మస్తు గిరాకీ ఉంది. అమ్మాయి సరుకు తీసుకుంది, మోసుకెళ్ళడానికి తెచ్చిన సంచి కంగారులో మరిచిపోయింది. ఆస్పత్రి మూడంతస్తులూ వెతికాను. లేదు."

"దొంగతనానికి వచ్చేటోళ్ళు సంచి ఖాళీది తెచ్చుకుంటరు. వంకాయ కూర నింపుకొని రారు," అన్నాడు సోమేశ్వర్. "సరే, నేను ఒక్కసారి తిరిగొస్త."

వార్డు కప్‌బోర్డు దగ్గర నర్సు తాళం తీసి చూపించింది. పై అరలో సరిగ్గా బల్ల మీదున్న దానిలాంటి నీలం జిప్పు సంచులే నాలుగు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో రకం మందు.

"ఈ సంచులు ఎక్కడివమ్మా?"

"మందుల కంపెనీ ఆయన పంచిండు సార్. వార్డుకు ఇచ్చిండు, డాక్టర్లకూ ఇచ్చిండు. భవ్య మేడం దాంట్లనే అన్నం తెచ్చుకుంటది."

సోమేశ్వర్ నాలుగు సంచులనూ విడివిడిగా చేత్తో ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. అతని ముఖంలో చిన్న వెలుగు మాత్రం వచ్చింది.

వరండాలో డాక్టర్ మనీషా గోడకు ఆనుకొని నిలబడి కేస్ షీటు రాస్తోంది. భవ్యశ్రీతో కలిసి చదివిన పిల్ల. రాస్తూ రాస్తూ పెన్ను కిందికి జారి కాగితం మీద పొడుగాటి గీత పడింది. ఉలిక్కిపడి మళ్ళీ రాయసాగింది.

"డాక్టరమ్మా, నేను పద్మమ్మ గారు పంపిన మనిషిని. భవ్యను ఆఖరుసారి ఎప్పుడు చూసినవ్?"

"మంగళవారం పగలు, సార్."

"ఇవాళ ఏం వారం?"

"మంగళవారం."

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. ఆమె లెక్కలో ఇంకా మంగళవారమే నడుస్తోంది. మధ్యలో నిద్ర పడితేనే కదా బుధవారం వచ్చేది.

"ఆ చేతిల పొట్లం ఏంది?"

మనీషా పొట్లాన్ని కోటు వెనక్కి జరిపింది. నూనె ఊరి కాగితం పారదర్శకంగా మెరుస్తోంది. "మిర్చి బజ్జీలు సార్. నాకే."

"అన్ని నీకేనా?"

"మస్తు ఆకలి సార్," అంటూ ఆమె గబగబా మెట్లు దిగి వెనక వైపు వెళ్ళింది. సోమేశ్వర్ తొందరపడకుండా ఆ దారినే నడిచాడు.

వెనక వరండా చివర ఒక్కటే గది. ఐసోలేషన్ గది. తలుపుకు వేపమండలు కట్టి ఉన్నాయి. గడపకు పసుపు రాసి ఉంది. బొట్లు కూడా పెట్టారు, కానీ ఒకటి పైకి, ఒకటి కిందికి, వంకరటింకరగా. మనీషా లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. వచ్చేటప్పుడు చేతిలో పొట్లం లేదు. ఎదురుగా సోమేశ్వర్ ఉన్నాడు.

"లోపలికి పోవద్దు సార్," అంది కంగారుగా. "అమ్మవారు పోసిన పేషంట్ ఉంది."

వెనక నుంచి అనిల్‌కుమార్ గొంతు వినిపించింది. సోమేశ్వర్ ఎటు పోతే అతనూ అటే వస్తున్నాడు. "అవును, ఆ గది నేను నిన్ననే చూశాను."

"లోపలికి పోయి చూసిండ్రా?"

అనిల్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "చెప్పులు విప్పి, దండం పెట్టుకొని వచ్చాను. మా అమ్మ నన్ను అట్లనే పెంచింది. దానికీ కేసుకూ సంబంధం లేదు."

"మంచి పని చేసిండ్రు. దండం ఎప్పుడూ వేస్టు పోదు," అని సోమేశ్వర్ మనీషా వైపు తిరిగాడు. "బిడ్డా, అమ్మవారు పోసిన మనిషికి మిర్చి బజ్జీ పెడుతరా?"

"ఎందుకు పెట్టొద్దు సార్?"

"మీ ఇంట్ల ఎవరికీ పోయలేదా?"

"మా అందరికీ చిన్నప్పుడే టీకాలేసిండ్రు సార్."

సోమేశ్వర్‌కు నవ్వాగలేదు. అతని కూతురికి చిన్నప్పుడు అమ్మవారు పోస్తే, ఇప్పుడు లేని అతని భార్య ఇల్లంతా చల్లగా ఉంచింది. పొయ్యి మీద నూనె పెట్టలేదు. పప్పులో పోపు పడలేదు. పక్కింటివాళ్ళు మిరపకాయలు వేయిస్తుంటే వెళ్ళి బతిమాలి ఆపించింది. చప్పిడి పప్పు, పెరుగన్నం తిని తిని అతను నాలుగు కిలోలు తగ్గాడు. అలాంటిది, వేపమండ కట్టిన గదిలోకి కాగే నూనెలో వేగిన మిర్చి బజ్జీలు!

"వేపమండ కడితే ఎవరూ రారని తెలుసు మీకు. కానీ కట్టినంక వంట ఎట్ల చెయ్యాలెనో తెల్వదు. అంతేనా?"

మనీషా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్, ఆమెను లేపకుండ్రి. ప్లీజ్ సార్."

సోమేశ్వర్ తలుపు మెల్లగా తోశాడు.

కిటికీకి దుప్పటి కట్టి ఉంది. మంచం మీద భవ్యశ్రీ నోరు తెరుచుకొని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. సెలైన్ స్టాండుకు ఆమె తెల్లకోటు తగిలించి ఉంది. దిండు పక్కన నీళ్ళ సీసా, సగం తిన్న అరటిపండు, ఇప్పుడే పెట్టిన బజ్జీల పొట్లం. ముఖం మీద ఈగ వాలకుండా ఎవరో పలుచటి చున్నీ కప్పారు. ఊపిరికి ఆ చున్నీ పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతోంది. సోమేశ్వర్ తన ఉద్యోగ జీవితంలో మాయమైన మనుషులను చాలామందినే పట్టుకున్నాడు గానీ, ఇంత సుఖంగా ఉన్న మనిషి దొరకడం ఇదే మొదటిసారి.

"మంగళవారం నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది సార్," మనీషా గుసగుసగా చెప్పింది. "సెలవు అడిగితే సార్ ఇయ్యలేదు. రూముకు పోతే మనిషిని పంపి పిలిపిస్తడు. గందుకే నేను, మాతోటి డాక్టరు ప్రణయ్ గిక్కడ పండబెట్టినం. ఒక్క పూటనే అనుకున్నం. లేస్తలేదు. నాడి, బీపీ చూస్తనే ఉన్నం, అంత మంచిగుంది. నీళ్ళు తాగుతది, మళ్ళ పంటది. నిన్న ఇంజక్షన్ల గొడవ మొదలైనంక చెప్పనీకి భయమైంది."

"దొరికింది!" అని గట్టిగా అన్నాడు అనిల్‌కుమార్.

సోమేశ్వర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మెల్లగ. రెండు నిమిషాలు పండుకోనియ్యండి. ఐదుకు ఇంకా టైముంది."

"ఆమె పడుకోవడం కాదు, ఇంజక్షన్లు ఎక్కడున్నాయో చెప్పాలి!"

ఆ అరుపుకు భవ్యశ్రీ దిగ్గున లేచి కూర్చుంది. కళ్ళు ఇంకా తెరవలేదు. "ఏ బెడ్డు? బీపీ ఎంత?"

మనీషా ఏడుస్తూనే నవ్వేసింది. గోల విని డైరెక్టరు చంద్రశేఖర్ కూడా వచ్చాడు. గడప దాటబోతూ వేపమండను చూసి, అలవాటుగా చెప్పులు విప్పాడు.

సోమేశ్వర్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "బిడ్డా, నేను మీ అమ్మ పంపిన మనిషిని. ఒక్కటే అడుగుత, మెల్లగ యాది చేసుకో. మంగళవారం ఫార్మసీ నుంచి వచ్చినప్పుడు నీ చేతిల ఏమేమున్నయి?"

"ఇంజక్షన్ల సంచి సార్. రెండో చేతిల నా టిఫిన్ సంచి. తిననీకి టైము దొరకలేదు." ఆమె రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. "ఒకటి కప్‌బోర్డుల పెట్టి తాళమేసిన. ఒకటి డ్యూటీ రూం ఫ్రిజ్‌ల పెట్టిన."

"ఏది ఎక్కడ పెట్టినవ్?"

ఆ పిల్ల తన అరచేతులను మార్చి మార్చి చూసుకుంది. అప్పుడు నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో సార్! పప్పుకు తాళమేసిన!"

"ఆ," అన్నాడు సోమేశ్వర్. "రెండు సంచులూ ఒక్కతీరుగ ఉన్నయి. బయటికెళ్ళి చూస్తే ఏది ఏందో తెల్వది. మంచి నిద్ర పోయిన మనిషి చూసుకుంటది. నిలబడి నిద్రపోయేటి మనిషి ఎట్ల చూసుకుంటది? అనిల్‌కుమార్ గారూ, తొడుగులు తియ్యకుండ్రి. ఫ్రిజ్ దాక పోదాం."

బజ్జీల పొట్లం చేతపట్టుకున్న భవ్యశ్రీతో సహా అందరూ డ్యూటీ రూముకు పరిగెత్తినట్టే నడిచారు. ఫ్రిజ్ తలుపు తెరిచింది మనీషా. పాల ప్యాకెట్టు, రెండు నిమ్మకాయలు, ఎవరిదో కరిగి కారుతున్న ఐస్‌క్రీం. నీలం సంచి లేదు.

అనిల్‌కుమార్ చేతులు కట్టుకున్నాడు. "కథ బాగుంది."

అప్పుడు గుర్తొచ్చి మనీషా ముఖం తెల్లబోయింది. "ప్రణయ్ తీసుకపోయిండు సార్. పద్మమ్మ ఆంటీ పొద్దటి నుంచి ఫోను మీద ఫోను. భవ్య మంచిగనే ఉంది, తింటున్నదంటే నమ్మలేదు. 'నా బిడ్డ అన్నం తిన్న డబ్బా నా కంటికి కనపడాలె, లేకుంటే నేనే వస్త' అన్నది. ఖాళీ డబ్బా చూపిస్తే ఆంటీ ఊకుంటదని ఫ్రిజ్‌లున్న సంచి పట్టుకొని బండి మీద వికారాబాద్ పోయిండు. దార్ల కడుగుత అన్నడు."

"విప్పి చూడలేదా?"

"రెండు రోజుల కింది టిఫిన్ ఎవరు విప్పుతరు సార్? కప్‌బోర్డుల దొరికింది టిఫిన్ సంచి అని మాకు తెల్వదు."

సోమేశ్వర్ నవ్వబోయి ఆగిపోయాడు. అతనికి వేరే లెక్క ఏదో గుర్తొచ్చింది. "భవ్య రెండు రోజులు పండుకుంది. ఆమె డ్యూటీ ఎవరు చేసిండ్రు?"

"ప్రణయ్."

"ప్రణయ్ డ్యూటీ?"

"ప్రణయ్."

"వాడెప్పుడు పండుకుండు?"

ఆమెకిచ్చిన నిద్ర ఎవరి కళ్ళలోంచి తీసిందో అప్పుడు అందరికీ అర్థమైంది. భవ్యశ్రీ అప్పటికే మనీషా జేబులోంచి ఫోను లాక్కొని నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

గాలి హోరు. ఇంజను చప్పుడు. పక్కనుంచి నాపరాళ్ళ లారీ హారను కొట్టుకుంటూ వెళ్ళింది.

"చెప్పుండ్రి," అన్నాడు ప్రణయ్. మాట ముద్దముద్దగా ఉంది.

"ప్రణయ్, బండి ఆపు!" అని అరిచింది మనీషా.

"ఆపిన."

ఇంజను చప్పుడు అలాగే వినిపిస్తోంది.

"తమ్మీ, నేను సోమేశ్వర్‌ను. రోడ్డు పక్కకు తీసుకో."

"తీసుకున్న సార్... ఏడో బెడ్డుకు సెలైన్ మార్చిన సార్... అంత మంచిగుంది..."

మరో హారను, చాలా దగ్గరగా. చంద్రశేఖర్ బల్ల అంచు పట్టుకున్నాడు. భవ్యశ్రీ మాత్రం అరవలేదు. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకొని, గొంతు మార్చి, వార్డులో మాట్లాడినట్టు విసుగ్గా అంది:

"డాక్టర్ ప్రణయ్, క్యాజువాలిటీ నుంచి. కొత్త అడ్మిషన్. డోసు చెప్తున్న, రాసుకో."

"ఆఁ, చెప్పు." గొంతు వెంటనే నిటారైంది. "ఒక్క నిమిషం, పెన్ను..."

ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది.

ఆపమంటే చెవికెక్కలేదు. రాసుకొమ్మంటే చెయ్యి దానంతట అదే బ్రేకు నొక్కింది.

"గక్కడ ఎండ ఉంది," అంది భవ్యశ్రీ. "రోడ్డు దిగి చెట్ల దిక్కు జరుగు."

"దిగిన."

"కూసో."

"కూసున్న."

"హెల్మెట్ తియ్యి. రాసుకో. పేషంట్ పేరు ప్రణయ్. కంప్లయింటు, నిద్ర లేదు. మందు..." ఆమె ఫోనును రెండు చేతులా పట్టుకుంది. "మందు, పండుకో ప్రణయ్. నీ డ్యూటీ నేను చూస్త."

"ఓకే మేడం," అన్నాడు ప్రణయ్ చాలా మర్యాదగా. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఫోనులోంచి గురక మొదలైంది. సన్నగా మొదలై, కాసేపట్లోనే లారీ హారన్లను మించిపోయింది. మనీషా కిందనే కూర్చొని పొట్ట పట్టుకొని నవ్వింది. డైరెక్టరు పెదవులు కూడా కదిలాయి, కానీ ఆయన వెంటనే తల దించుకున్నాడు.

"సోమేశ్వర్ గారూ," అన్నాడు నెమ్మదిగా, "ఒక తప్పు చేసిన. ఐదు దాక ఆగలేదు. పావుగంట కింద పోలీసులకు ఫోన్ చేసిన. మా డాక్టర్ల బండ్లు ఏ రోడ్డు మీద కనిపించినా ఆపి చూడుమన్న."

నవ్వు ఆగిపోయింది. రోడ్డు పక్కన నిద్రపోతున్న కుర్రవాడు, పక్కన సంచిలో పది మత్తు ఇంజక్షన్లు. చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు.

అప్పుడు ఫోనులో కొత్త గొంతు వినిపించింది. "హలో! హలో! గీ ఫోన్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నం అమ్మా! మీరెవరు?" అన్నాడు సోమేశ్వర్.

"నేను బుగ్గమ్మను. పెద్దేముల్ దాటినంక మా కంది చేను. కోత కోస్తున్న. గీ పిలగాడు గట్టు మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. తాగిండా అనుకొని మూతి వాసన చూసిన. తాగలేదు పాపం. ఎండ తగులకుండ మొఖం మీద తువ్వాల కప్పిన. నీలం సంచి తల కింద పెట్టుకుండు. దాంట్ల గాజు సీసలు గలగల అంటున్నయి. పగులుతయని నేను తీసి, మోపు ఎత్తుకునేటప్పుడు తల మీద పెట్టుకునే నా చుట్టబట్ట పెట్టిన దిండు లెక్క."

సోమేశ్వర్ అనిల్‌కుమార్ వైపు చూశాడు. "ఇంజక్షన్లు దొరికినయి. దొంగ కూడ కావాల్నా? దొంగసొత్తు తల కింద పెట్టుకొని, పట్టపగలు రోడ్డు పక్కన గురక పెట్టే దొంగను మీరు హైదరాబాద్‌ల ఎప్పుడన్న చూసిండ్రా?"

అనిల్‌కుమార్ చేతి తొడుగులు ఒక్కొక్కటిగా తీసి చెత్తబుట్టలో వేశాడు. జేబులోంచి కారు తాళం తీశాడు.

"పెద్దేముల్ రోడ్డే కదా? నా కారు వేగంగా పోతుంది. రండి. జరిగింది నేనే పోలీసులకు చెప్తాను."

భవ్యశ్రీ బజ్జీల పొట్లం చంకలో పెట్టుకొని ముందే పరిగెత్తింది. చంద్రశేఖర్ ఆమెను ఆపబోయాడు. "డాక్టర్, వార్డు..."

"నా డ్యూటీ రాత్రి కదా సార్. గంతదాక మీరు చూడుండ్రి," అంది వెనక్కి తిరక్కుండానే. మనీషా అప్పటికే గోడకు తల ఆనించి కళ్ళు మూసేసింది. డైరెక్టరు ఆమెను లేపడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకొని, గోడకున్న స్టెతస్కోపు అందుకున్నాడు.

కారు కదిలేసరికి ఫోనులో బుగ్గమ్మ గొంతు మారింది. "సార్, జీపు ఒకటి ఆగింది. పోలీసోళ్ళు దిగుతుండ్రు."

"ఏమంటున్నరమ్మా?" అన్నాడు సోమేశ్వర్.

"పిలగాన్ని లేపుమంటున్నరు. సంచి చూపుమంటున్నరు."

"అమ్మా, మేం వస్తనే ఉన్నం, పది నిమిషాలు..."

బుగ్గమ్మ వినలేదు. ఫోను పక్కకు తిప్పి వాళ్ళతో మాట్లాడుతోంది. ఆ గొంతు కారంతా నిండింది.

"ఏ సారూ, జరంత దూరం నిలవడు! పిలగాడు ఇప్పుడే పండుకుండు. సంచి నా ఒళ్ళె ఉంది, యాడికీ పోదు. లేచినంక అడుగుదురు గాని. గంతదాక ఉత్తగ ఎందుకు నిలవడుతరు, గీ కంది మోపులు జర గట్టు మీదికి ఎయ్యుండ్రి."

కొంతసేపు గురక తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత దబ్బుమని ఒక మోపు నేల మీద పడ్డ చప్పుడైంది. దాని వెంట ఇంకొకటి.